స్టేషన్ రైటరు రాసిన బతుకులు

తెలుగులో దళితుల గురించి ఎక్కువ రాసిందెవరు అని అడిగితే సాహిత్య విద్యార్థులు ఏవేవో పేర్లు చెబుతారు. ఒకరు జాషువా అంటారు, ఇంకొకరు ఉన్నవ అంటారు, మరొకరు బోయి భీమన్న అంటారు. నేను మాత్రం పోలీసు స్టేషన్ రైటరు అంటాను. స్టేషన్లో ఒక మూల బల్ల వేసుకుని, అప్పట్లో కార్బను కాగితాలూ ఇప్పుడు కంప్యూటరూ ముందు పెట్టుకుని కూచునే ఆ హెడ్ కానిస్టేబులు రాసినంత మా గురించి ఏ కవీ రాయలేదు. మా దెబ్బలు ఆయనే రాశాడు. మా చావులు ఆయనే రాశాడు. మా ఆడోళ్ళ మానం మీద పడిన చెయ్యి గురించి ఆయనే రాశాడు. ఆయన రాసింది కోర్టుకెళ్ళింది. ఆయన రాయనిది ఈ దేశంలో అసలు జరగనే లేదు.

పోలీసు వ్యవస్థని మార్చాలని, ప్రజలకి దగ్గర చెయ్యాలని పెద్దలంతా అంటున్నారు. ఫ్రెండ్లీ పోలీసింగ్ అన్నారు. స్టేషన్లకి రంగులేశారు. గుమ్మం దగ్గర రిసెప్షన్ కౌంటరు పెట్టారు. కుర్చీ చూపించి కూచోమంటున్నారు, మంచినీళ్ళిస్తున్నారు. సంతోషమే. మా నాన్న తరం ఆ గుమ్మం ముందు చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడింది. మాకు కుర్చీ దొరికింది. కానీ ఆ కుర్చీలో కూచుని మేం చెప్పింది మేం చెప్పినట్టు రాస్తున్నారా అన్నదే నా ప్రశ్న. మిగతా సంస్కరణలన్నీ ఈ ప్రశ్న తర్వాతే. దళితుడికి సంబంధించినంత వరకు కేసు కోర్టులో ఓడిపోదు, స్టేషన్లో ఓడిపోతుంది. అదీ మొదటి గంటలో, మొదటి కాగితం మీద. ఈ సంగతి తేల్చకుండా పోలీసులకి మానవత్వం మీద క్లాసులు పెట్టటం, వాడలో సహపంక్తి భోజనాలు చెయ్యటం పుండు మీద పౌడరు జల్లటం లాంటిది.

నేను గుంటూరు జిల్లా మిరప పొలాల్లో పుట్టిన మాదిగోణ్ణి. మా ఊళ్ళో పోలీసు జీపు వస్తే ఊళ్ళోకొచ్చింది అనేవాళ్ళు కాదు, వాడకొచ్చింది అనేవాళ్ళు. బావి దగ్గర ఆయిలింజను పోయినా, కల్లంలో బస్తా తగ్గినా, ఎవరి దొడ్లో కోడి కనపడకపోయినా జీపు ముందు మా వాడలోనే ఆగేది. మా నాన్నని మూడుసార్లు తీసుకెళ్ళారు. మూడుసార్లూ కాగితం లేదు. తీసుకొచ్చామని రాయలేదు, వదిలేశామని రాయలేదు. మూడోసారి తిరిగొచ్చాక ఆయన కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. డప్పు కొట్టే చెయ్యి అది. ఆ చేతికేమైందో ఈ రాజ్యం దగ్గర ఏ రికార్డులోనూ లేదు. ఇక్కడొక సంగతి గమనించండి. మమ్మల్ని దొంగలనటానికి వాళ్ళకి ఏ కాగితమూ అక్కర్లేదు. మా మీద నేరం జరిగిందని మేం చెప్పటానికి మాత్రం కాగితం కావాలి. ఆ కాగితం వాళ్ళది, అందులో మాటలు వాళ్ళవి, వేలిముద్ర ఒక్కటే మాది.

1996లో మా చిన్నమ్మ సంగతి చెబుతాను. ఆ ఏడాది మిరపకోతల్లో పదకొండు రోజుల కూలి ఒక ఆసామి ఎగ్గొట్టాడు. అడిగీ అడిగీ విసిగి, బస్సులాగే చోట టీకొట్టు ముందు ఆయన కనపడితే మా చిన్నమ్మ నిలదీసింది. "మాదిగ ముండా, నడిబజార్లో నన్ను డబ్బులడిగేంత దానివైనావా" అని చేతికర్రతో కొట్టాడు. తల పగిలింది. టీకొట్టు దగ్గర ముప్ఫై మంది ఉన్నారు. మా చిన్నమ్మ, ఇంకో నలుగురు ఆడోళ్ళు తొమ్మిది కిలోమీటర్లు నడిచి స్టేషన్‌కి పోయారు. మధ్యాన్నం పోతే పొద్దుగూకేదాకా వేపచెట్టు కింద కూచోబెట్టారు. ఎస్సైగారు లేరన్నారు. ఈలోపల ఊళ్ళోంచి ఇద్దరు పెద్దమనుషులు మోటారుసైకిలు మీదొచ్చి లోపల కుర్చీల్లో కూచున్నారు. రాజీ చేసుకోమన్నారు. తలకి కట్టు డబ్బులు, పదకొండు రోజుల కూలి, పైన రెండొందలు ఇప్పిస్తామన్నారు. మా చిన్నమ్మ ఒప్పుకోలేదు. రాత్రి తొమ్మిదింటికి రైటరు కాగితం తీశాడు.

ఆయనేం రాశాడో నేను చాలా కాలం తర్వాత నకలు తీసి చూశాను. "కూలి డబ్బుల విషయమై మాటా మాటా పెరిగి, ఆవేశములో సదరు వ్యక్తి చేతికర్రతో ఫిర్యాదిని కొట్టినాడు." అంతే. మాదిగ అన్న మాట లేదు. ముండ అన్న మాట లేదు. నడిబజారు లేదు, టీకొట్టు లేదు, ముప్ఫైమంది లేరు. చివర మాత్రం అన్ని ఫిర్యాదుల కిందా ఉండే వాక్యం ఉంది. "చదివి వినిపించగా సరియని ఒప్పుకుని వేలిముద్ర వేసినది." ఎవరూ చదవలేదు, ఎవరూ వినిపించలేదు. అయినా మా చిన్నమ్మ ఒప్పుకుంది అని ఉంది. మర్నాడు కౌంటరు కేసు పెట్టారు. ఐదుగురు ఆడోళ్ళు కలిసి ఆసామి మీద పడి మెళ్ళో గొలుసు లాగబోయారని. ఆ ఫిర్యాదు చూడండి, ఎంత చక్కగా ఉందో! టైము ఉంది, స్థలం ఉంది, సాక్షుల పేర్లు వరసగా ఉన్నాయి. రైటరుకి రాయటం రాదనటానికి లేదు. ఎవరిది రాయాలో బాగా తెలుసు.

తర్వాత సంఘం వాళ్ళు ధర్నా చేస్తే పంతొమ్మిదో రోజున అట్రాసిటీ సెక్షను చేర్చారు. కేసు ఐదేళ్ళు నడిచింది. 2001లో కొట్టేశారు. తీర్పు కాపీ నేనే చదివి చెప్పాను. కులం పేరుతో తిట్టినట్టు మొదటి ఫిర్యాదులో లేదు కాబట్టి, అది తర్వాత ఆలోచించి చేర్చిన మాట అన్నారు. మా చిన్నమ్మ అంతా విని ఒక్కటే అడిగింది: "నేనన్న మాట రాయకుండా ఒదిలిపెట్టి, నేనసలు అననే లేదని మళ్ళీ నా మీదే రాశారేందిరా?"

మన న్యాయశాస్త్రం మీద ఇంతకు మించిన విమర్శ నేను ఏ లా కాలేజీలోనూ వినలేదు.

ఇది ఒక చెడ్డ రైటరు కథ అనుకుని పక్కన పెట్టొద్దు. ఆయన లంచం తిన్నాడో లేదో నాకు తెలీదు. తినకపోయినా అలాగే రాసేవాడు. స్టేషన్లో కులానికి మారుపేర్లు తయారుగా ఉంటాయి. "మాటా మాటా పెరిగి" ఒకటి. "పాత కక్షల కారణంగా" ఒకటి. "భూతగాదా" ఒకటి. "మద్యం మత్తులో" ఒకటి. ఈ నాలుగు అచ్చుల్లో ఏదో ఒక దాంట్లో మా రక్తం పోస్తారు, గడ్డకట్టాక కోర్టుకి పంపుతారు. ఏ ఊళ్ళోనైనా భూతగాదా కులం లేకుండా జరుగుతుందా? మాకు భూమి ఎందుకు లేదు? పాత కక్ష ఎక్కణ్ణించి పుట్టింది? మావోడు చెప్పులేసుకుని నడిచినందుకు, మంచం మీద కూచున్నందుకు, కూలి అడిగినందుకు. ఆ కారణాన్ని తీసేసి కక్షని మాత్రం రాస్తే, చెట్టు నరికిన వాణ్ణి వదిలేసి గొడ్డలి మీద కేసు పెట్టినట్టుంది.

ఆ తీసేసిన మాటల ధర ఎంతో పై కోర్టుల్లో తెలుస్తుంది. 1989లో చట్టం వచ్చింది. 1990 జనవరి 30 నుంచి అమల్లోకొచ్చింది. అందులో 3(1)(10) అని మనవాళ్ళంతా నోటికి నేర్చుకున్న సెక్షను, అంటే పదిమంది చూసే చోట ఎస్సీ, ఎస్టీలని కావాలని అవమానించటం. 2008లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసుని సుప్రీంకోర్టు కొట్టేసింది. నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాదని ఫిర్యాదులో రాయలేదని, పదిమంది చూసే చోట కావాలని అవమానించాడని రాయలేదని అన్నారు. 2020లో ఉత్తరాఖండ్ కేసులో నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనప్పుడు తిడితే ఈ సెక్షను వర్తించదన్నారు. అంటే మా చిన్నమ్మ లాంటి మనిషి తల పగిలి, కొంగుతో రక్తం అదుముకుంటా, ఎదుటివాడి కులం ఫలానా అని, అది బహిరంగ స్థలం అని, చూసినవాళ్ళు ఫలానా అని, సెక్షన్లోని ఒక్కో మాటకీ సరిపోయేట్టు చెప్పాలి. చదువుకున్న వకీలు నాలుగు పుస్తకాలు తిరగేసి చెప్పేది ఆమె చెప్పాలి. ఆమె చెప్పింది కూడా! మాదిగ అన్నాడనీ చెప్పింది, నడిబజారనీ చెప్పింది, టీకొట్టనీ చెప్పింది. సెక్షను మొత్తం ఆమె మాటలోనే ఉంది. దాన్ని రాసే చెయ్యే తీసేసింది.

ఇంకా ఘోరం ఏమిటంటే, పోలీసులు చేసిన తప్పుకి శిక్ష మాకు పడుతుంది. 1995 నాటి నిబంధనల్లో ఏడో నిబంధన ప్రకారం అట్రాసిటీ కేసుని డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చెయ్యాలి. పెద్ద అధికారి అయితే శ్రద్ధగా చేస్తాడని పెట్టిన నిబంధన. ఎస్సైతోనో సీఐతోనో దర్యాప్తు చేయించేసి చార్జిషీటు వేస్తారు. తర్వాత నిందితుడి వకీలు లేచి, దర్యాప్తు చేసింది డీఎస్పీ కాదు కాబట్టి చెల్లదు అంటాడు. 2009లో మధ్యప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు కూడా అలాంటి దర్యాప్తు చెల్లదనే చెప్పింది. నిబంధన మీరింది పోలీసు. లాభపడింది కొట్టినవాడు. నష్టపోయింది దెబ్బలు తిన్నవాడు. మా రక్షణ కోసం పెట్టిన గొళ్ళెం మమ్మల్నే బయట ఉంచి వేస్తున్నారు. ఇలాంటి న్యాయం ఇంకెక్కడన్నా ఉందేమో మీరే వెతకండి.

కొందరు మిత్రులు అంటారు, ఇవన్నీ చిన్న చిన్న కేసులు, పెద్ద ఘటనల్లో రాజ్యం కదులుతుంది కదా అని. సరే, పెద్దవే చూద్దాం. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. జనం చీరాల పారిపోయి శిబిరంలో తలదాచుకున్నారు. అక్కణ్ణించే దళిత మహాసభ పుట్టింది. హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవిని బొజ్జా తారకం వదిలేసుకుంది ఆ ఘటన తర్వాతే. తుది తీర్పు సుప్రీంకోర్టు నుంచి ఎప్పుడొచ్చింది? 2008 డిసెంబరులో. ఇరవై మూడేళ్ళు. ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపి, ముక్కలు చేసి గోతాల్లో కుక్కి కాలవలో వేశారు. పోలీసులు అక్కడే ఉన్నారు. పారిపొమ్మని పోలీసులే చెప్పారని, పారిపోయిన దారిలోనే పొలాల్లో కాపు కాసి నరికారని బాధితులు అప్పట్నించీ చెబుతున్నారు. ఆ తర్వాతి నెలలో న్యాయం అడిగిన ఒక దళిత యువకుడు అదే చుండూరులో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అయినా చుండూరు జనం ఒక గొప్ప పని చేశారు. మేం కోర్టుకి రాము, కోర్టే మా ఊరికి రావాలి అన్నారు. పోరాడి పోరాడి చుండూరులోనే ప్రత్యేక కోర్టు తెచ్చుకున్నారు. 2004 డిసెంబరులో విచారణ మొదలైంది. కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని, నిందితుల కార్ల మధ్యలోంచి జిల్లా కోర్టుకి నడిచి వెళ్ళాల్సిన మనుషులు తమ ఊళ్ళోనే, తమవాళ్ళు చూస్తుండగా సాక్ష్యం చెప్పారు. 2007 జులై 31న తీర్పొచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష. న్యాయ ప్రక్రియని జనానికి దగ్గర చెయ్యటం అంటే నాకు తెలిసిన ఒకే ఒక్క నిజమైన ఉదాహరణ ఇది. దీన్ని తెచ్చింది ఏ కమిటీ నివేదికా కాదు, చుండూరు మాలపల్లి.

అది కూడా నిలవనీయలేదు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. చంపిన సమయం, చంపిన చోటు, చంపిందెవరన్నది సందేహం లేకుండా రుజువు కాలేదంది. ఆ జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. ఇప్పుడు చెప్పండి, ఏ సమయానికి చంపారు, ఎక్కడ చంపారు అన్నది రాసి పెట్టాల్సింది ఎవరు? కాలవలో గోతాలు వెతుక్కున్న విధవరాళ్ళా? తలుపులు మూసుకుని వణుకుతున్న పిల్లలా? ఊళ్ళో ఉన్న పోలీసులా? 1991లో రాయాల్సిన కాగితం సరిగ్గా రాయకపోతే, ఇరవై మూడేళ్ళ తర్వాత కూడా అది లేచొచ్చి మన నోట్లో మట్టి కొడుతుంది.

ఇక తప్పుడు కేసుల మాట. ఊళ్ళో ఆసామి దగ్గర్నించి టీవీలో మేధావి దాకా ఇదే పాట. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు కూడా ఈ పాటే పాడింది. అరెస్టు చెయ్యాలంటే పై అధికారి అనుమతి కావాలంది, ఎఫ్.ఐ.ఆర్. కి ముందు ప్రాథమిక విచారణ చెయ్యొచ్చంది. ఏప్రిల్ 2న దేశమంతా దళితులు రోడ్డెక్కారు, ప్రాణాలిచ్చారు. ఆగస్టులో పార్లమెంటు 18ఏ సెక్షను తెచ్చింది. 2019 అక్టోబరు 1న సుప్రీంకోర్టే తన ఆదేశాల్ని వెనక్కి తీసుకుంది. తప్పుడు ఫిర్యాదు ఇవ్వటానికి మనిషి కులం కారణం కాదు, అది మనిషి బుద్ధిని బట్టి ఉంటుంది అన్న అర్థంలో చెప్పింది. నేనొక మాట అడుగుతాను. కేసు కొట్టేస్తే తప్పుడు కేసా? మా చిన్నమ్మ తల పగల్లేదా? "మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్" అని మూసేసిన ఫైళ్ళలో, తప్పు చెప్పినవాళ్ళది ఎంత, రాసినవాళ్ళది ఎంత? 2022లో దేశంలో ఎస్సీల మీద జరిగిన నేరాలు 57,582 అని నేరాల రికార్డుల బ్యూరో లెక్క. ఇవి రాసినవి మాత్రమే. వేపచెట్ల కింద పొద్దుగూకి వెనక్కి తిరిగిపోయినవి ఆ లెక్కలో లేవు. "డబ్బుల కోసం కేసులు పెడతారు" అనేవాళ్ళకి కూడా ఒక జవాబుంది. ఆ పరిహారం చట్టం ఇచ్చేది, ఎవరూ దయ తలచి ఇచ్చేది కాదు. రాజీకి వచ్చిన పెద్దమనుషులు జేబులోంచి నోట్లు తీసినప్పుడు అది డబ్బు కాదా? అప్పుడు దాన్ని పెద్దరికం అంటారెందుకని?

మనవాళ్ళని పోలీసుల్లో చేర్పిస్తే అన్నీ సర్దుకుంటాయని ఇంకో నమ్మకం. నేనిది తేలిగ్గా కొట్టెయ్యను. రిజర్వేషన్ వల్ల మా వాడ పిల్లలు కానిస్టేబుళ్ళయ్యారు, ఎస్సైలయ్యారు. వాళ్ళ యూనిఫారం చూస్తే మా అమ్మలకి గుండె నిండుతుంది. ఒకసారి ఒక స్టేషన్లో ఫిర్యాదు తీసుకోమని మొండికేస్తే, అక్కడున్న మా కులపు కానిస్టేబులు నీళ్ళివ్వటానికొచ్చి, "అన్నా, ఇక్కడ తీసుకోరు. ఎస్పీగారికి రిజిస్టర్ పోస్టులో పంపించు, అక్నాలెజ్‌మెంటు దాచుకో" అని మెల్లగా చెప్పి పోయాడు. ఆ సలహాతోనే కేసు నమోదైంది. ఆ తమ్ముడికి నేను రుణపడి ఉంటాను. కానీ చూడండి, స్టేషన్లో ఉన్న మనోడు కూడా చట్టం ఉన్న సంగతి గుసగుసగా చెప్పాల్సొచ్చింది. కలం ఆయన చేతిలో లేదు. మనిషి మారితే చాలదు, రాసే పద్ధతి మారాలి.

పద్ధతి మారకపోతే ఏమవుతుందో ఈ మధ్య కూడా చూశాం. 2020 జులైలో తూర్పు గోదావరి జిల్లా సీతానగరం స్టేషన్లో ఒక దళిత యువకుడికి స్టేషన్లోనే గుండు గీశారు. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్లో దొంగతనం అనుమానం మీద తెచ్చిన దళిత స్త్రీ చనిపోయింది. ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్ళని ఉద్యోగాల్లోంచి తీసేశారు. మా నాన్న కాలం పోయిందని ఎవరన్నా అంటే ఈ రెండు ఊళ్ళ పేర్లు చెప్పండి. పోయినేవో జీపులు, వచ్చినేవో ఇన్నోవాలు.

అయితే ఏం చెయ్యాలి? చట్టం లేదని ఏడవటం వల్ల ఉపయోగం లేదు. చట్టం ఉంది. మనం పోరాడి తెచ్చుకున్నదే. 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణలో నాలుగో సెక్షను చదవండి. నోటితో చెప్పిన ఫిర్యాదుని రాసుకుని, సంతకం తీసుకునే ముందు చదివి వినిపించటం పోలీసు అధికారి బాధ్యత. సరైన సెక్షన్ల కింద నమోదు చెయ్యటం బాధ్యత. కాపీ వెంటనే ఇవ్వటం బాధ్యత. అరవై రోజుల్లో చార్జిషీటు వెయ్యటం బాధ్యత. ఇవి కావాలని చెయ్యని అధికారి దళితుడు కాకపోతే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. ఎంత బాగుందో చూడండి! కానీ కిందనే ఒక మెలిక పెట్టారు. శాఖాపరమైన విచారణ జరిగి సిఫారసు చేస్తేనే ఆ కేసు పెట్టాలట. అంటే రైటరు తప్పు చేశాడో లేదో రైటరు పై అధికారి తేల్చాలి. తాళం వాళ్ళకే ఇచ్చి తలుపు మనకిచ్చారు. ఆ మెలిక తీసెయ్యాలన్నది మన మొదటి డిమాండు కావాలి.

రెండోది, 15ఏ సెక్షన్లో ఈ చట్టం కింద జరిగే ప్రక్రియ అంతా వీడియో తియ్యాలని ఉంది. ఇది ఫిర్యాదు రాసే బల్ల దగ్గర్నించే మొదలవ్వాలి. మా చిన్నమ్మ లాంటి మనిషి ఏమందో వీడియోలో ఉంటే "తర్వాత చేర్చింది" అనే నోరు మూతపడుతుంది. 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లో సీసీ కెమెరాలు పెట్టమంది. కెమెరా గుమ్మానికి పెడితే చాలదు, రైటరు బల్ల మీద పెట్టాలి. మూడోది, పోలీసు నిబంధన మీరితే ఆ తప్పు బాధితుడి నెత్తిన వెయ్యకూడదు. దర్యాప్తు మళ్ళీ చేయించాలి, మీరినవాణ్ణి బోనెక్కించాలి. నాలుగోది, స్టేషన్‌కి తీసుకొచ్చిన ప్రతి మనిషి పేరు, వచ్చిన టైము, పోయిన టైము జనరల్ డైరీలో ఉండాలి. మా నాన్న మూడుసార్లు పోయొచ్చినా ఆయన పోలేదనే రికార్డు చెబుతోంది. ఐదోది, చుండూరు లాగా కోర్టు ఊరికి రావాలి. ఊళ్ళో సాక్షి మాట్లాడగలిగింది జిల్లా కోర్టు వరండాలో మాట్లాడలేడు.

డిమాండ్లు నెరవేరేదాకా ఊరుకోమని కాదు. విద్యార్థులారా, మీకు నాదొక మనవి. నేను పాతికేళ్ళకి పైగా కంప్లయింట్లు రాస్తున్నాను. నేను ప్లీడర్ని కాదు. తారకంగారి 'పోలీసులు అరెస్టు చేస్తే' చదివి, స్టేషన్లలో తిట్లు తిని నేర్చుకున్నాను. మీ హాస్టల్లో కవిత్వం మీద గోష్ఠి పెట్టుకున్నట్టే ఎఫ్.ఐ.ఆర్. మీద కూడా ఒక పూట పెట్టుకోండి. ఫిర్యాదు స్టేషన్‌కి పోకముందే వాడలోనే తెల్లకాగితం మీద రాయండి. వాడు తిట్టిన తిట్టు మర్యాదకి దాచొద్దు, వాడన్నది అన్నట్టే రాయండి. తిట్టినవాడి కులం రాయండి, తిన్నవాళ్ళ కులం రాయండి. ఎక్కడ, ఎన్నింటికి, ఎవరు చూస్తుండగా అన్నది రాయండి. రెండు కాపీలు తీసి ఒకదాని మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టు చెయ్యండి.

2024 జులై 1 నుంచి కొత్త నేర ప్రక్రియా చట్టం వచ్చింది. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో పధ్నాలుగు రోజులు ప్రాథమిక విచారణ చేసుకోవచ్చని అందులో ఉంది. అది చూపించి ఎస్సై "విచారించి చెబుతాం, పోండి" అంటాడు. అట్రాసిటీ కేసుకి ప్రాథమిక విచారణ అక్కర్లేదని 18ఏ చెబుతోంది, అది చదివి వినిపించండి. ఆ పధ్నాలుగు రోజుల్లోనే రాజీలు, కౌంటరు కేసులు, సాక్షుల ఊరువిడుపులు జరుగుతాయి. నిందితుడి బెయిలు పిటిషన్ వచ్చినప్పుడు బాధితుడికి నోటీసివ్వటం, మాట వినటం తప్పనిసరి అని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రోజు కోర్టులో మీరుండండి.

ఒక మాట మాత్రం మర్చిపోవద్దు. మీరు చదువుకున్నారు కదా అని మా అమ్మల మాటల్ని మీ పుస్తకాల తెలుగులోకి మార్చొద్దు. "కులదూషణ చేసినాడు" అని మీరు రాస్తే మీరు ఇంకో రైటరు అవుతారు, అంతే తేడా. ఏం దూషణ, ఏ మాట, ఏ నోటితో అన్నది పోతుంది. స్టేషన్ రైటరు తుడిచేసింది ఆ మాటనే. మన సాహిత్యం తిరిగి రాబట్టుకోవాల్సింది కూడా ఆ మాటనే. మా చిన్నమ్మ మాటకి ఎవరూ తెలుగు దిద్దక్కర్లేదు. ఆమె పలికింది పలికినట్టు కాగితం మీదకెక్కితే చాలు, చట్టంలో ఉన్న సెక్షన్లన్నీ అందులోనే ఉన్నాయి.